లిస్బన్‌లో ఇల్లు వీడియోలో చూసి డబ్బు కట్టకండి

లిస్బన్‌లో ఉండి రిమోట్‌గా పనిచేద్దామని పోర్చుగల్ డీ8 వీసా (రిమోట్ ఉద్యోగులకిచ్చే వీసా) ప్రయత్నాల్లో ఉన్నవాళ్లు ఇది చదవండి. 2,300 యూరోలు పోయాక నాకు వచ్చిన తెలివి ఇది. ఓనరు పేరు, సైటు పేరు అడక్కండి, చెప్పను. ఆ ఒక్క ఇంటిని తప్పించుకుంటే తీరిపోయే సమస్య కాదు.

డీ8 అనగానే అందరం జీతం లెక్కే చూసుకుంటాం. పోర్చుగల్ కనీస వేతనానికి నాలుగు రెట్లు ఆదాయం ఉండాలి, 2025లో అది నెలకి 3,480 యూరోలు. దాని గురించి నెలల తరబడి బుర్ర బద్దలు కొట్టుకుని, ఇంటి కాగితం దగ్గరికి వచ్చేసరికి 'ఏదో ఒకటి దొరికితే చాలు' అనుకుంటాం. వీసా ఫైల్లో ఇల్లు చూపించాలి కాబట్టి ఇంకా హైదరాబాద్‌లో ఉండగానే ఏడాది అగ్రిమెంటు మీద సంతకం పెట్టేస్తాం. నేనూ పెట్టాను. గ్రాసా అనే పేటలో, 28 నంబరు ట్రామ్ ఎక్కే కొండ మీద, గ్రౌండ్ ఫ్లోర్లో సింగిల్ బెడ్‌రూమ్. అద్దె 1,150. రెండు నెలల అద్దె ముందుగా, రెండు నెలలది డిపాజిట్, మొత్తం 4,600 యూరోలు పంపాను.

వీడియోలో ఇల్లంతా ఎండే. తర్వాత తెలిసింది, అది ఆగస్టులో తీసిన వీడియో. నేను దిగింది జనవరిలో.

యూరప్ కదా, ఇంట్లో వెచ్చగా ఉంటుందనుకోవడం నా మొదటి పొరపాటు. లిస్బన్ పాత ఇళ్లలో చాలావాటికి హీటింగ్ అనేదే ఉండదు. బయట పన్నెండు డిగ్రీలుంటే లోపల అంతకన్నా చలి. రెండో వారానికి బీరువా వెనక గోడంతా నల్లగా బూజు పట్టింది. ఊరి నుంచి తెచ్చుకున్న ఉన్ని స్వెటర్ తీస్తే ముక్కిన బియ్యం వాసన. తేమ లాగే మెషిన్ కొన్నాను, రాత్రికి రెండు లీటర్ల నీళ్లు పారబోసేవాణ్ని.

ఇక కరెంటు. మా టీమ్ మాదాపూర్‌లో ఉంటుంది. అక్కడ ఉదయం తొమ్మిదిన్నర మీటింగంటే చలికాలం లిస్బన్‌లో తెల్లవారుజాము నాలుగు. ఆ చలికి రెండు వేల వాట్ల హీటరు పెట్టుకుని, టీ కోసం ఇంకో రెండు వేల వాట్ల కెటిల్ ఆన్ చేస్తే టప్‌మని మొత్తం పోయేది, రౌటర్‌తో సహా. మూడుసార్లు మేనేజరు ముందు మాట మధ్యలో మాయమయ్యాక ఎలక్ట్రీషియన్‌ని పిలిస్తే విషయం తేలింది. ఇంటికి తీసుకున్న లోడే 3.45 కేవీఏ, సుమారు 3,450 వాట్లు. అంటే రెండూ కలిపి వాడటానికి వీల్లేదు. 6.9కి పెంచమంటే ఓనరు వినలేదు, కనెక్షన్ అతని పేరు మీదే ఉంది. 'బిల్లులన్నీ అద్దెలోనే' అని యాడ్‌లో చూసి నేను మురిసిపోయింది ఇందుకా అని నవ్వొచ్చింది. అడ్వాన్స్ కట్టేముందు పాత కరెంటు బిల్లు ఫోటో అడగండి. అందులో 'పొటెన్సియా కొంత్రాతాదా' (తీసుకున్న లోడు) అన్న చోట ఉండే అంకె చూడండి. ఫైబర్ ఇంటర్నెట్ ఉందా అని అడిగే మనం దీన్ని అడగం.

చలీ కరెంటూ భరించాను. అసలు దెబ్బ వేరు.

అగ్రిమెంటు రాసుకున్న ఓనరు దాన్ని ఫినాన్సాస్‌లో, అంటే అక్కడి పన్నుల శాఖలో, నమోదు చేయాలి. ఒక నెల అద్దెలో పది శాతం స్టాంప్ డ్యూటీ కట్టాలి. నెలనెలా రెసీబో, అంటే అద్దె రసీదు, ఇవ్వాలి. మావాడు మొదట్లోనే 'రసీదు కావాలంటే 1,300, వద్దంటే 1,150' అన్నాడు. డిస్కౌంట్ అనుకుని సంబరపడ్డాను! అద్దె మీద 25 శాతం పన్ను ఎగ్గొట్టడానికి నన్ను వాడుకుంటున్నాడని తట్టలేదు. మార్చిలో నా నిఫ్ నంబరుతో, అంటే అక్కడి పన్ను నంబరుతో, ఫినాన్సాస్ పోర్టల్‌లో చూస్తే నా పేరు మీద ఏ అగ్రిమెంటూ లేదు. (నిఫ్‌కి ప్రభుత్వం ఫీజు ఏమీ తీసుకోదు. దానికి ఏజెంట్లు వందల యూరోలు అడిగితే ఆలోచించుకోండి.) రెసిడెన్స్ పర్మిట్ కోసం లాయరు అడిగిన మొదటి కాగితం ఆ నమోదైన అగ్రిమెంటే. చివరికి పక్క కేఫ్ ఆయన, పై అంతస్తు మామ్మగారు సావ్ విసెంట్ జుంటా (మన వార్డు ఆఫీసు లాంటిది) ఆఫీసుకొచ్చి, ఇతను ఇక్కడే ఉంటున్నాడని సాక్షి సంతకాలు పెడితే నివాస ధ్రువపత్రం దొరికింది. ఆవిడకి నా పేరు పలకడం కూడా రాదు.

ఏప్రిల్ చివర్లో నెల నోటీసిచ్చి ఖాళీ చేశాను. డిపాజిట్ అడిగితే చట్టం చూపించాడు. ఏడాది అగ్రిమెంటైతే మూడో వంతు కాలం గడిచాక, అదీ 120 రోజుల ముందు నోటీసిస్తేనే వెళ్లొచ్చట. లాయర్ని అడిగాను, ఆ మాట నిజమే. పన్నుల వాళ్లకి కనపడని అగ్రిమెంటు నా డిపాజిట్ దగ్గర మాత్రం ఠంచనుగా పనిచేసింది. కోర్టుకెళ్తే 2,300 కన్నా ఎక్కువే అవుతుందంటే ఊరుకున్నాను.

కాబట్టి మొదటి నెలకి హోటలో, హాస్టలో చూసుకోండి. వీసాకి అగ్రిమెంటు తప్పదంటే నమోదు చేస్తానని, రసీదు ఇస్తానని ఓనరుతో రాతలో ఒప్పించాకే డబ్బు పంపండి. కుదిరితే అక్కడున్న తెలిసినవాళ్లని ఒకసారి వెళ్లి బీరువా జరిపి చూడమనండి. మొహమాటపడకండి.

ఆ ఇల్లు మొన్న మళ్లీ యాడ్‌లో కనిపించింది. వీడియో అదే, ఎండ అదే. అద్దె మాత్రం వంద పెంచాడు.