టై రాడ్ ఎండు కింద వేసిన వాషరు

నా 1968 నాటి మహీంద్రా సీజే 3బీ జీపుకు స్టీరింగు సామాను మార్పించి వచ్చే ఉగాదికి మూడేళ్లు నిండుతాయి. అప్పుడు కొన్నవాటిలో బెల్ క్రాంకు (స్టీరింగు నుంచి వచ్చే కదలికను రెండు చక్రాల వైపు మళ్లించే మీట) కిట్టు నన్ను సంతోషపెట్టింది. నాలుగు టై రాడ్ ఎండ్ల (చక్రాలను తిప్పే కడ్డీల కొసల్లోని కీళ్ల) మీద కోపం మాత్రం నేటికీ తీరలేదు.

స్టీరింగు పావు చుట్టు తిప్పితే గాని చక్రం కదలని ఆ రోజుల్లో, విజయవాడ ఆటోనగర్‌లో అడిగిన ప్రతివారూ స్టీరింగు గేరు బాక్సు పోయిందనే చెప్పారు. ఒక పెద్ద మేస్త్రీ మాత్రం నన్ను సీట్లో కూర్చోబెట్టి, స్టీరింగును అటూ ఇటూ కొద్దిగా ఆడించమని, తాను కిందకు దూరి బెల్ క్రాంకు మీద చెయ్యి ఉంచి చూశాడు. బాక్సు నుంచి క్రాంకుకు వచ్చే కడ్డీ, డ్రాగ్ లింకు, కదులుతున్నా, అరిగిన పిన్ను చుట్టూ క్రాంకు ఊగుతోందే తప్ప ఆ కదలిక టై రాడ్లకు వెంటనే అందడం లేదు. కొత్త పిన్ను, బేరింగులు వేశాక బెంజి సర్కిల్ దాకా నడిపి, బండి కొత్తదైపోయిందని కనబడిన వారందరికీ చెప్పాను. ఆ మాటను ఇప్పుడు కొంత తగ్గించుకోవాలి, ఎందుకంటే అదే రోజు బాక్సులో నూనె నింపి, పక్క మూత మీది స్క్రూను కూడా సరిచేశారు. మెప్పంతా కిట్టుదే అనడం న్యాయం కాదు.

ఇక టై రాడ్ ఎండ్ల సంగతి. బిగించిన ఆరు నెలలకు, వానల్లో కొండపల్లి కోట ఘాటు దిగుతుండగా ఎడమ చక్రం వైపు నుంచి టక్కుటక్కుమని చప్పుడు మొదలై, బండి తనంతట తాను ఒక పక్కకు లాగసాగింది. ఆపి చూస్తే నట్టు ఊడకుండా గుచ్చే స్ప్లిట్ పిన్ను చెక్కుచెదరలేదు, నట్టు ఉన్నచోటే ఉంది, అయినా ఎండు తాలూకు పిన్ను, చక్రాన్ని తిప్పే స్టీరింగు ఆర్ము రంధ్రంలో పాలపన్నులా ఊగుతోంది. నట్టు కింద రెండు వాషర్లు కనబడ్డాయి. బిగించిన నాడు నేను పక్కనే ఉన్నాను. నట్టు మీది గాట్లు స్ప్లిట్ పిన్ను రంధ్రాన్ని దాటి పైకి పోతుంటే, "వాషరు వేస్తే సరిపోతుంది సార్" అన్న మాటకు తల ఊపిన వాడిని కూడా నేనే.

ఆ మాటకు తల ఊపకుండా ఉండవలసింది. ఒక కొసకు సన్నబడుతూ పోయే ఎండు పిన్ను ఏటవాలు, రంధ్రం ఏటవాలు ఒకటైతే పిన్ను మధ్యలోనే బిగిసి కూర్చుంటుంది, వాషరు అవసరమే రాదు. మిగిలిన మూడింటిని విప్పించి, పిన్నులకు పలుచగా రంగు పూసి రంధ్రంలో తిప్పి చూస్తే, ఒకదానికి మాత్రమే రంగు చుట్టూ సమంగా అంటింది. తక్కిన రెండింటికీ అడుగున సన్నని వలయంలా మాత్రమే అంటింది. అంటే ఆ పిన్నుల బరువంతా ఆ వలయం మీదే పడుతోంది. ఎడమ ఆర్ము రంధ్రం అప్పటికే కోడిగుడ్డు ఆకారానికి వచ్చింది.

ఆర్ము మార్చడం నట్టు విప్పి బిగించినంత తేలిక కాదు. ఈ జీపులో అది కింగ్ పిన్ను (చక్రం పక్కలకు తిరిగే ఇరుసు) పై మూతతో ఒకటిగా ఉంటుంది, దాని కింది షిమ్ములే (పలుచని లోహపు రేకులే) బేరింగుల బిగువును నిర్ణయిస్తాయి. పాత సామాను కొట్లో ఆర్ము దొరకడానికి రెండు వారాలు పట్టింది. షిమ్ములు తీసి పెట్టి, స్ప్రింగు త్రాసుతో లాగి ఆ బిగువు చూడడానికి మరొక పూట, ఆపైన టో-ఇన్ (ముందు చక్రాలు ముందువైపు కొద్దిగా లోపలికి తిరిగి ఉండే కొలత) సరిచేయడానికి ఇంకొక పూట గడిచాయి. టై రాడ్డుకు ఒక కొసన కుడి మర, మరొక కొసన ఎడమ మర ఉంటాయి గనుక గొట్టాన్ని తిప్పితే పొడవు మారుతుంది. ఆ పని ఒక్కటే హాయిగా సాగింది.

రెండవసారి కొన్న ఎండ్లను కొట్టు ముందే, విప్పిన ఆర్ములో పెట్టి చూసి డబ్బిచ్చాను. కొట్టువాడు విసుక్కున్నాడు, విసుక్కోనీ. అవి రెండున్నరేళ్లుగా కదలలేదు. అయితే వాటి రబ్బరు బూట్లు ఒక్క బెజవాడ ఎండాకాలానికే పగిలాయి, అందుకే నెలకొకసారి గ్రీజు గన్ను పట్టుకోక తప్పడం లేదు.

నేను ఆదివారాల్లో మాత్రమే, బరువు వేయకుండా, యాభై దాటకుండా నడుపుతాను. పొలానికి రోజూ తిప్పే బండికి ఇవే ఎండ్లు ఇంతకాలం నిలుస్తాయని నేను హామీ ఇవ్వలేను. బెల్ క్రాంకు కిట్టును మాత్రం మళ్లీ అదే కొంటాను.