అమెండ్‌మెంట్ ఐఏ వేయించిన లాయర్ ఆఫీసు: ఐదుకి రెండున్నర

ఇంటి హద్దు దావా కోసం మూడేళ్లుగా ఈ ఆఫీసు మెట్లు ఎక్కి దిగుతున్నాను, ఆ అనుభవంతోనే రాస్తున్నా.

మా ప్లెయింట్‌లో (దావా పత్రంలో) తూర్పు హద్దు తప్పు పడింది. మొదటి ఏడాదే చెప్పాను. సరిదిద్దమంటూ ఐఏ (దావా మధ్యలో వేసే దరఖాస్తు) వేసింది మాత్రం సాక్షుల విచారణ మొదలయ్యాక! అప్పుడైతే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) ఆర్డర్ 6 రూల్ 17 కింద, ఎంత శ్రద్ధ పెట్టినా ముందుగా అడగలేకపోయామని కోర్టుకి చూపించాలట, మా అఫిడవిట్‌లో ఉన్నదల్లా 'పొరపాటున' అన్న ఒక్క ముక్క.

ఐఏ పోతే ఏంటి సార్ అని ముందే అడిగా. "ఏముంది, ఐఏల్లో ఖర్చులు వేయరులే" అన్నారు, అంటే అవతలివాళ్ల ఖర్చులకి మనతో కట్టించే డబ్బు. చాలాసార్లు నిజమే అనుకోండి. కానీ సీపీసీ సెక్షన్ 35 చదివితే తెలిసింది, ఎవరు ఎంత కట్టాలో కోర్టు ఇష్టం, ఓడినవాళ్ల మీద వేయకపోతేనే కారణం రాయాలి. అవతలివాళ్లు కౌంటర్ (మా ఐఏకి జవాబు) వేసి నాలుగు వాయిదాలు తిరిగారు, ఊరుకుంటారా? ఐఏ కొట్టేశారు, 2,000 ఖర్చులతో.

అంతకంటే మండిన సంగతి ఇంకోటుంది. మధ్యలో ఒక వాయిదాకి జూనియర్ సిద్ధంగా లేక గడువు అడిగితే 500 ఖర్చులు పడ్డాయి, నాకు ఎవరూ చెప్పలేదు. తర్వాతి వాయిదాకి అవతలి లాయర్ లేచి సెక్షన్ 35బి అన్నారు, అంటే ఆ రోజుకి ఖర్చులు కట్టకపోతే మా దావా ముందుకి నడవదు. జూనియర్‌కి చెమటలు. చొక్కా జేబులోంచి 500 నోటు తీసి నేనే ఇచ్చా, వాళ్లు ముట్టినట్టు మెమో మీద సంతకం పెట్టాక గానీ కేసు పిలవలేదు. ఆ డబ్బు ఫీజులో తగ్గించమన్నాను, ఇప్పటికీ తగ్గలేదు.

ఖర్చులంటే నిజంగా అయిన సమంజసమైన ఖర్చులు ఉండాలని సుప్రీంకోర్టు 2005లో సేలం అడ్వకేట్ బార్ అసోసియేషన్ కేసులో చెప్పింది. లాయర్ ఫీజు, రానుపోను ఛార్జీలు, తిరిగిన టైముతో సహా. అలా లెక్కేసి ఉంటే 2,000తో బయటపడేవాణ్ని కాదు.

గుమస్తాగారు మాత్రం బంగారం, ఆర్డర్ నకలుకి ఆ రోజే అప్లికేషన్ పెట్టారు. ఆ అర పాయింటు ఆయనదే.

ఇప్పుడు ఐఏ కొట్టేసిన ఆర్డర్‌ని మళ్లీ చూడమని హైకోర్టుకి రివిజన్ వెళ్దాం అంటున్నారు లాయర్‌గారు. అదీ పోతే ఖర్చుల సంగతేంటో కాగితం మీద రాసివ్వమన్నాను. పది రోజులైంది, ఇంకా రాలేదు.