ఆరేళ్లు నడిపి అమ్మేసిన హోండా సీబీ200

నా 1974 మోడల్ హోండా సీబీ200 బైకుని పోయిన నెల అమ్మేశాను. ఆరేళ్లలో పదకొండు వేల కిలోమీటర్ల పైచిలుకు నడిపాను. బండి చేతిలో ఉండగా రాసుంటే దాని లోపాలు కప్పిపుచ్చేవాణ్ణేమో, అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

198 సీసీ ఇంజిన్, రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో కార్బొరేటర్, ఐదు గేర్లు. సెల్ఫ్ ఉంది, కిక్ కూడా ఉంది. నాలుగు వేల ఆర్పీఎం లోపు బండికి నిద్రమత్తు వదలదు. ఆరు వేలు దాటాక మాత్రం గొంతు మారిపోతుంది, ఆ శబ్దం కోసమే ఒక్కోసారి కావాలని గేరు తగ్గించేవాణ్ణి. ఎనభై దగ్గర హాయిగా పోతుంది. వంద చేరితే హ్యాండిల్ సన్నగా వణుకుతుంది, అరగంటలో వేళ్లు తిమ్మిరెక్కుతాయి.

దీన్లో నాకు అస్సలు నచ్చనిది ముందు బ్రేకు. అంత పాత బండికి డిస్క్ అనగానే మురిసిపోయి కొన్నాను. తీరా చూస్తే అది ఆయిల్‌తో పనిచేసే డిస్క్ కాదు, కేబుల్ లాగితే పట్టుకునే రకం. కొత్త కేబుల్, కొత్త ప్యాడ్లు వేశాక కాస్త నయమైంది, అంతే. వానలో మొదటి నొక్కుకు ఏమీ జరగదు, ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని రెండోసారి నొక్కాలి. వెనకున్న మామూలు డ్రమ్మే నన్ను ఎక్కువసార్లు కాపాడింది.

ఇంకో సంగతి ముందే తెలిసుంటే బాగుండేది. కొన్న మొదటి నెలలోనే ఇంజిన్ కవర్ స్క్రూలు మూడింటి తలలు అరగదీశాను. చూడ్డానికి మామూలు స్టార్ స్క్రూల్లాగే ఉంటాయి కానీ, ఇవి జేఐఎస్ అనే జపాన్ కొలతవి. మన దగ్గరుండే ఫిలిప్స్ స్క్రూడ్రైవర్ వాటిలో పూర్తిగా కూర్చోదు, బలం పెట్టగానే జారి గాడిని తినేస్తుంది. జేఐఎస్ స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాక మళ్లీ ఒక్క స్క్రూ కూడా పాడవలేదు. బండికన్నా ముందు అది కొనండి.

సర్వీసింగ్ భయపడాల్సినంత పనేం కాదు. ఇంజిన్ పూర్తిగా చల్లారాక టాపెట్ గ్యాప్ (వాల్వుల దగ్గర వదిలే సందు) 0.05 మిల్లీమీటర్లు, స్పార్క్ టైమింగ్ చూసే పాయింట్ల గ్యాప్ 0.3 నుంచి 0.4 మధ్య పెడితే చాలు. ఆయిల్‌కి మార్చే పేపర్ ఫిల్టర్ ఉండదు, కాబట్టి ఆయిలే తొందరగా మార్చేవాణ్ణి, నా లెక్క పదిహేను వందల కిలోమీటర్లకోసారి. కార్ల ఆయిల్ పోయకండి, క్లచ్ ఆ ఆయిల్లోనే మునిగి ఉంటుంది, జారొచ్చు.

అసలు టెన్షన్ పెట్టింది చార్జింగ్. రెండు బ్యాటరీలు మార్చాక తెలిసింది, తప్పు బ్యాటరీది కాదని. సీటు కింద వైర్ల కనెక్టర్ ఒకటి పచ్చగా చిలుము పట్టి ఉంది. గీకి శుభ్రం చేయడానికి పది నిమిషాలు పట్టింది. రెండు బ్యాటరీల డబ్బు మాత్రం పోయింది.

చివరి ఏడాది మూడొందల కిలోమీటర్లు కూడా తిరగలేదు. నిలబెట్టిన ప్రతిసారీ కార్బొరేటర్లలో పెట్రోలు జిగురుగా మారి, స్లో జెట్లు, అంటే తక్కువ వేగంలో పెట్రోలు అందించే సన్న చిల్లులు, పూడుకుపోయేవి. వెంట్రుకంత రాగి తీగతో ఆ చిల్లులు పొడుస్తూ కూర్చున్న ఒక ఆదివారం, ఇక చాలనిపించింది.

అమ్మకానికి పెట్టినప్పుడు ట్యాంకులోకి టార్చి వేసి తుప్పుకు కూడా ఫొటో తీశాను. చల్లటి ఇంజిన్ స్టార్టవడానికి పెట్రోలు పాలు పెంచే చోక్ లివర్ సగంలో పట్టేస్తుందని రాశాను. ముగ్గురు అడిగారు. ఒకాయన బండి చూడకుండానే ఫోన్లో బేరం మొదలుపెట్టాడు. ఇంకో కుర్రాడు వెనక ఫ్రేము కోయించి కేఫ్ రేసర్, అంటే పాతకాలపు రేసు బైకులా, చేస్తానన్నాడు. వాడి బండి వాడిష్టం, కానీ నా మనసు ఒప్పలేదు. మూడో ఆయన వస్తూనే, పలకరింపు కూడా కాకముందే, ఇంజిన్ మీద అరచెయ్యి పెట్టి చూశాడు. ముందే స్టార్ట్ చేసి వేడెక్కించానేమో అని అనుమానం. చల్లగానే ఉంది. రెండో కిక్కుకి అందుకుంది. ఫ్రేము నంబరు, ఇంజిన్ నంబరు కాగితాలతో సరిచూసుకుని, అడిగిన దానికన్నా కొంచెం తక్కువే ఇచ్చాడు. రిపేర్లకు పెట్టింది లెక్కేస్తే నష్టమే, నేను లెక్కెయ్యలేదు. విప్పిన పాత సామాన్ల పెట్టె, ఆ స్క్రూడ్రైవర్ కూడా ఇచ్చేశాను.

పది రోజులకు ఫోన్ చేశాడు. ప్లగ్గులు రెండూ మసిబారిపోతున్నాయట, పెట్రోలు తెగ తాగుతోందట. "చోక్ లివర్ పూర్తిగా వెనక్కి వచ్చిందా, చూశారా?" అన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు, తర్వాత టిక్కుమని చిన్న శబ్దం వినిపించింది.