నాన్న క్యాసెట్లు, ఫూబార్2000: పదిహేనేళ్లు వాడాక

2010 ఎండాకాలం. మా ఇంట్లో ఉన్న కంప్యూటర్‌కి ఒక జీబీ ర్యామ్, అందులో విండోస్ ఎక్స్‌పీ. పాటలు పెట్టుకుని పక్కన వర్డ్ తెరిస్తే చాలు, పాట ఆగి ఆగి వచ్చేది. అప్పటి ప్లేయర్ తెరవగానే బొమ్మలు, ఇంటర్నెట్ పేజీలు, పాటలు కొనుక్కోమనే పట్టీలు అన్నీ వచ్చి కూర్చునేవి. ఒకరోజు మా బావ పెన్‌డ్రైవ్‌లో ఫూబార్2000 అనే పాటల ప్లేయర్ తెచ్చి ఎక్కించాడు. ఇన్‌స్టాలర్ ఐదు ఎంబీ కూడా లేదు. ఐకాన్ నొక్కగానే తెరుచుకుంది. తెల్లటి విండో, పైన నాలుగు బటన్లు, కింద వరసగా పాటల పేర్లు. ఇంకేమీ లేదు.

"ఇదేంటి బావా, ఎక్సెల్ షీటులా ఉంది?" అన్నాను.

"ముందు పాట విను" అన్నాడు.

అప్పటి నుంచి నాలుగు కంప్యూటర్లు మార్చాను. ఈ ప్లేయర్ మాత్రం మార్చలేదు. ఇన్నేళ్లు వాడాను కాబట్టి ఇందులో బాగున్నదేంటో, ఇబ్బంది పెట్టిందేంటో రెండూ చెప్పగలను.

దీన్ని తయారు చేసింది పీటర్ పావ్లోవ్‌స్కీ అనే పోలండ్ ప్రోగ్రామర్. విన్‌యాంప్ అనే పాత పాటల ప్లేయర్‌ని తెచ్చిన నల్‌సాఫ్ట్ కంపెనీకి అంతకుముందు కాంట్రాక్టు మీద పనిచేశాడు. ఫూబార్ మొదటి వెర్షన్ 2002 చివర్లో వచ్చింది. ఉచితమే, ప్రకటనలు లేవు. కోర్ ప్రోగ్రామ్ సోర్స్ కోడ్ బయటికి ఇవ్వలేదు కానీ, దానికి తగిలించే కాంపోనెంట్లు, అంటే అదనపు ముక్కలు, ఎవరైనా రాసుకోవడానికి కావాల్సిన కిట్ ఇచ్చాడు. మనకు అవసరమైన కాంపోనెంట్లే పెట్టుకుంటాం, అక్కర్లేనివి అసలు మెషీన్‌లోకే రావు.

ఇది తేలిగ్గా ఉండటానికి కారణం సూటిగానే ఉంటుంది. బటన్లు, జాబితాలు, మెనూలు గీయడానికి విండోస్‌లో ముందే ఉన్న వాటినే వాడుకుంటుంది. ఈ రోజుల్లో డెస్క్‌టాప్ ఆప్ అని ఇస్తున్న చాలా వాటిలో లోపల ఒక పూర్తి బ్రౌజర్ దాగి ఉంటుంది. ఒక్క పాట వినాలన్నా ఆ బ్రౌజర్ మొత్తం లేవాలి. నా లాప్‌టాప్‌లో తొమ్మిది వేల పాటల లైబ్రరీతో ఫూబార్ యాభై ఎంబీ దరిదాపుల్లో ఉంటుంది. పాటలు వినడానికి పెట్టుకున్న ఇంకో ఆప్ ఖాళీగా కూర్చున్నా నాలుగు వందలు దాటుతుంది. స్ట్రీమింగ్ వద్దని అనను, ఫోన్‌లో నేనూ వింటాను. కానీ ఎనిమిది గంటలు పని చేసే మెషీన్‌లో నేపథ్యంలో ఉండాల్సిన వస్తువు నా పనికి అడ్డం రాకూడదు. ర్యామ్ నేను డబ్బు పెట్టి కొన్నది.

ఒక చిన్న సెట్టింగ్ సంగతి చెప్పాలి. నా పాటలన్నీ యూఎస్‌బీ హార్డ్‌డిస్క్‌లో ఉంటాయి. రాత్రిపూట వింటుంటే డిస్క్ టిక్కుటిక్కుమని చదవడం పాట కింద వినపడేది. అడ్వాన్స్‌డ్ సెట్టింగుల్లో ఫుల్ ఫైల్ బఫరింగ్ అని ఒకటుంది. అక్కడ ఒక అంకె ఇస్తే, అంత సైజు లోపు ఉన్న పాటని ఒకేసారి మెమరీలోకి లాగేసుకుంటుంది. పాట మొదలయ్యేటప్పుడు ఒక్కసారి డిస్క్ తిరుగుతుంది, తర్వాత ఆ పాట అయ్యేదాకా చప్పుడు ఉండదు. తక్కువ ర్యామ్ తినడమే సమర్థత అనుకునేవాణ్ణి. ఎక్కడ ఖర్చు పెట్టాలో తెలిసి పెట్టడం కూడా సమర్థతేనని దీన్ని చూశాకే అర్థమైంది.

అయితే ఇన్నేళ్లు నన్ను కట్టిపడేసింది వేరే. ఒకరోజు నాన్న వెనక నిలబడి స్క్రీన్ చూస్తూ, "ఏరా, ఈ పాట రాసిందెవరో అందులో కనపడుతుందా?" అని అడిగారు. కనపడదు. చాలా ప్లేయర్లలో ముందు కనపడేవి గాయకుడు, ఆల్బమ్, పాట అనే మూడు గడులే. ఒక గాయకుడు పది పాటలు పాడి ఒక ఆల్బమ్ వేసే చోట ఆ మూడూ సరిపోతాయి. మనం పాటని గుర్తుపెట్టుకునేది అలా కాదు కదా. సినిమా పేరు, సంగీతం ఎవరు, రాసిందెవరు, పాడింది ఎవరెవరు, ఏ సంవత్సరం. ఇవన్నీ ఉంటేనే మనకది పూర్తి పాట.

పాట ఫైలులోనే దాని వివరాలు రాసుకునే గడిని ట్యాగ్ అంటారు. ఫూబార్‌లో ట్యాగ్ పేరు ఏదైనా మనం పెట్టుకోవచ్చు. పాట మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్ తెరిచి, రచయిత అని కొత్త గడి పెట్టాను. తర్వాత అదే పేరుతో పాటల జాబితాలో ఒక కాలమ్, ఎడమ పక్కన రచయితల వారీగా కొమ్మల్లా విచ్చుకునే జాబితా, అంటే ఒక చెట్టు. పాడినవాళ్లు ఇద్దరైతే మధ్యలో సెమికోలన్ పెడితే చాలు, ఇద్దరూ విడివిడి పేర్లవుతారు. చెట్టుని అందుకు తగ్గట్టు అమర్చుకుంటే ఒకే యుగళగీతం ఇద్దరి పేర్ల కిందా కనపడుతుంది. ఎక్కడ ఏం చూపించాలో ప్లేయర్‌కి చెప్పే సూత్రాల భాష మొదట్లో కంగారు పెడుతుంది. రెండు ఆదివారాలు కూర్చుంటే చేతికొస్తుంది.

అసలు శ్రమ అంతా పేర్లు సరిచేయడంలో ఉంది. ఎస్పీ బాలు, ఎస్పీబీ, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం, బాలు అని ఒక్క మనిషి నా లైబ్రరీలో నాలుగు చోట్ల ఉండేవారు, ఇంగ్లిష్ స్పెల్లింగులు మళ్లీ వేరే. వాటన్నిటినీ ఒకేసారి ఎంచుకుని ఒక్క పేరు టైప్ చేస్తే వందల ఫైళ్లు ఒక్క దెబ్బతో మారిపోయాయి. అదే పని అంతకుముందు ఒక్కో ఫైలు తెరిచి చేసేవాణ్ణి.

తెలుగు లిపి సంగతి. ఎక్స్‌పీ రోజుల్లో రీజినల్ సెట్టింగుల్లోకి వెళ్లి కాంప్లెక్స్ స్క్రిప్టులకి టిక్ పెట్టి, విండోస్ సీడీ పెడితే గానీ తెలుగు సరిగ్గా వచ్చేది కాదు. అది చేశాక ఫూబార్‌లో ఇబ్బంది రాలేదు, అది మొదటి నుంచీ అన్ని భాషల లిపులకీ పనికొచ్చే యూనికోడ్‌కి కట్టుబడి ఉంది. ఒక్క బాధ మాత్రం చాలాకాలం ఉండేది. జాబితాలో వరసల ఎత్తు ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయేంతే. "లక్ష్మి" అని రాస్తే కింద మవత్తు సగం తెగిపోయేది, "స్త్రీ"లో తవత్తూ అంతే. పేరు చదవొచ్చు కానీ, కాళ్లు నరికినట్టుండే ఆ అక్షరాలని చూస్తే మనసొప్పేది కాదు. చివరికి కాలమ్స్ యూఐ అనే కాంపోనెంట్‌లో వరసల మధ్య ఖాళీ పెంచుకునే వీలు దొరికింది. ఆరు పిక్సెళ్లు పెంచాను. వత్తులన్నీ నిండుగా కనపడ్డ ఆ సాయంత్రం నాకింకా గుర్తుంది.

వెతకడంలో మాత్రం లోటుంది. పాట పేరు తెలుగులో పెట్టుకుంటే ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేస్తే దొరకదు. అందుకని కామెంట్ గడిలో ప్రతి పాట పేరూ ఇంగ్లిష్ అక్షరాల్లో మళ్లీ రాసుకున్నాను. తొమ్మిది వేల పాటల్లో ఇప్పటికి సగం అయ్యాయి.

ఇక నాన్న క్యాసెట్లని కంప్యూటర్‌లోకి ఎక్కించడం. ఫూబార్ రికార్డ్ చేయదు, దానికి ఆడాసిటీ అనే రికార్డింగ్ ప్రోగ్రామ్ వాడాను. టేప్ రికార్డర్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి కంప్యూటర్ లైన్ ఇన్‌కి ఒక వైరు. అరవై నిమిషాల క్యాసెట్ అంటే ఒక్కో వైపు అరగంట, తొందరపెట్టే దారి లేదు, కూర్చుని వినాల్సిందే. సీడీ నాణ్యతలో అరగంట దాదాపు మూడు వందల ఎంబీ వస్తుంది. ఫ్లాక్ అనే ఫైలు రకంలోకి మారిస్తే ఒక్క శబ్దం కూడా పోకుండా బాగా తగ్గుతుంది. పాటల్ని ముక్కలు కోయనక్కర్లేదని ఆలస్యంగా తెలిసింది. క్యూ షీట్ అని ఒక చిన్న టెక్స్ట్ ఫైలు రాసి, ఏ నిమిషంలో ఏ పాట మొదలవుతుందో ఇస్తే చాలు. క్యాసెట్ ఒక వైపంతా ఒకే ఫైలుగా ఉంటుంది, ఫూబార్‌లో మాత్రం విడివిడి పాటలుగా కనపడుతుంది. పాటకీ పాటకీ మధ్య ఆ టేపు గరగర కూడా అలాగే ఉంటుంది. నాన్నకి అది కావాలి.

పాత పాటల సౌండ్ తక్కువ, ఇప్పటి పాటల సౌండ్ చెవులు చిల్లులు పడేంత. కలిపి వింటుంటే వాల్యూమ్ మీంచి చెయ్యి తీయడానికి ఉండదు. రీప్లేగెయిన్ అనే పద్ధతి దీనికి మందు. ఫూబార్ పాటలన్నీ ఒకసారి కొలిచి, ఏది ఎంత తగ్గించాలో ఎంత పెంచాలో అంకెగా ట్యాగ్‌లో రాసుకుంటుంది. అసలు పాటని ముట్టుకోదు. ఒక రాత్రి కొలతకి పెట్టి పడుకుంటే తెల్లారేసరికి అయిపోయింది. ఈ ప్లేయర్‌లో ఒక్క సదుపాయమే ఎంచుకోమంటే నేను దీన్నే ఎంచుకుంటాను.

డెస్క్‌టాప్ అలంకరణ పిచ్చి నాకు 2012 ప్రాంతంలో పట్టింది. డెస్క్‌టాప్ మీద గడియారాలు, మీటర్లు పెట్టుకునే రెయిన్‌మీటర్ అనే ప్రోగ్రామ్ పెట్టాను. నల్లటి వాల్‌పేపర్, పెద్ద గడియారం, ర్యామ్ చూపించే గుండ్రటి మీటర్, పాట బొమ్మ, కింద పాటకి తగ్గట్టు ఎగిరే గీతలు. చూడముచ్చటగా ఉండేది. వారం తిరిగేసరికి లాప్‌టాప్ ఫ్యాన్ ఆగకుండా తిరగడం మొదలుపెట్టింది. టాస్క్ మేనేజర్ తెరిస్తే ఫూబార్ ఒక శాతం, రెయిన్‌మీటర్ పదిహేను శాతం! పాట వినిపించడానికంటే పాటని చూపించడానికే ఎక్కువ ఖర్చవుతోంది. ఆ అలంకరణ ఎలా ఉండాలో చెప్పే స్కిన్ ఫైలు నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూశాను. అప్‌డేట్ అన్న చోట 16 అని ఉంది, అంటే పదహారు మిల్లీసెకన్లకోసారి, సెకనుకి అరవై సార్లు మళ్లీ గీయమని. తప్పు రెయిన్‌మీటర్‌ది కాదు, ఆ స్కిన్ అడిగిందే అది చేస్తోంది. గడియారానికి సెకనుకోసారి చాలు. ఎగిరే గీతలు తీసేశాను, మిగతా వాటికి 1000 పెట్టాను, ఫ్యాన్ ఆగింది.

ఇప్పుడు నా డెస్క్‌టాప్ మీద రెండే ఉన్నాయి: గడియారం, వస్తున్న పాట పేరు. దానికి ఫూబార్‌లో రెయిన్‌మీటర్ కోసం ఉన్న చిన్న కాంపోనెంట్ పెట్టుకోవాలి. పైన "ఇప్పుడు వస్తున్న పాట" అని తెలుగులో రాస్తే మొదట ఏవో పిచ్చి గుర్తులు వచ్చాయి. ఆ స్కిన్ ఫైలుని యూటీఎఫ్-16 అనే ఎన్‌కోడింగ్‌లో సేవ్ చేయాలి, అప్పుడే తెలుగు వస్తుంది. ఇది తెలియక నేను ఒక పూట పోగొట్టుకున్నాను, మీకు ఆ టెన్షన్ వద్దు.

ఇబ్బందులు కూడా చెప్పాలి. 2023లో 2.0 వచ్చింది, 64-బిట్‌లో, డార్క్ మోడ్‌తో. పాత 32-బిట్ కాంపోనెంట్లు 64-బిట్ ప్లేయర్‌లో పనిచేయవు. ఏళ్ల తరబడి చెక్కుకున్న నా పాత థీమ్ ఎప్పుడో ఆగిపోయిన ఒక కాంపోనెంట్ మీద నిలబడి ఉంది, దాంతో అది పోయింది. నెల రోజులు 32-బిట్ దాంట్లోనే ఉండి, తర్వాత మళ్లీ మొదటి నుంచి కట్టుకున్నాను. ఈసారి ప్లేయర్‌తో వచ్చే లేఅవుట్ ఎడిటింగ్ మోడ్‌నీ, ఇంకా ఎవరో ఒకరు చూసుకుంటున్న కాంపోనెంట్లనీ మాత్రమే వాడాను.

ఇంకొకటి. ఏ పాట ఎన్నిసార్లు విన్నామో లెక్కపెట్టే కాంపోనెంట్ ఉంది. ఆ లెక్క పాట ట్యాగులకి ముడిపడి ఉంటుంది. ఒకసారి వేరే సాఫ్ట్‌వేర్‌లో ట్యాగులు మార్చాను, ఏడేళ్ల లెక్క సున్నా అయింది. ట్యాగులు ఫూబార్‌లోనే మార్చండి, ఆ లెక్కని ఎక్స్ఎంఎల్ ఫైలుగా దాచుకునే వీలుంది, నెలకోసారి దాచుకోండి. ఎంపీ3లోకి మార్చాలంటే ఎన్‌కోడర్లు విడిగా పెట్టుకోవాలి. పాటల సాహిత్యం దానంతట అది రాదు. లైనక్స్‌కి సొంత వెర్షన్ లేదు, అక్కడ డెడ్‌బీఫ్ అనే ప్లేయర్ దీనికి దగ్గరగా ఉంటుంది, అదీ తేలికే.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు పోర్టబుల్ అని అడుగుతుంది, దానికే ఒప్పుకోండి. సెట్టింగులన్నీ ఒకే ఫోల్డర్‌లో ఉంటాయి. కంప్యూటర్ మారినప్పుడల్లా నేను చేసింది ఆ ఫోల్డర్ కాపీ చేసుకోవడమే.

నాన్నకి ఇప్పుడు వేరే లాప్‌టాప్, నేను వాడి పక్కన పెట్టింది, ఎనిమిదేళ్లది. అందులోనూ ఇదే ఫోల్డర్. అక్షరాలు పద్దెనిమిది సైజులో, ఎడమ పక్కన రచయితల చెట్టు, కుడి పక్కన పాటలు, కింద బొమ్మ. మిగతా ప్యానెళ్లన్నీ తీసేశాను. పొద్దున్నే కాఫీ తాగుతూ ఆయనే తెరుచుకుంటారు. అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "ఇది ఆయన రాసింది కాదురా, మార్చు" అంటారు. ఆదివారం ఇంటికి వెళ్లినప్పుడు పక్కన కూర్చుని పేర్లు చెబుతారు, నేను ప్రాపర్టీస్ తెరిచి దిద్దుతాను. మొన్న పదకొండు పాటలు దిద్దాం.