ఫోన్ తగ్గింపుపై ‘జీఎస్టీ తేడా’ అడిగితే చెల్లించవద్దు

హైదరాబాదులో గాని, మరే ఊళ్లో గాని దుకాణానికి వెళ్లి మొబైల్ ఫోన్ కొనబోతున్న వారందరికీ ఈ హెచ్చరిక. తగ్గింపు ధరకు ఫోన్ ఇస్తామని బోర్డు పెట్టి, తీరా బిల్లు దగ్గరకు వచ్చేసరికి తగ్గించిన మొత్తంపై కూడా పన్ను కట్టాలంటూ విడిగా డబ్బు గుంజే దుకాణం ఒకటి నాకు తగిలింది. అడిగేది పెద్ద మొత్తం కాదు, పైగా ప్రభుత్వం పేరు చెబుతారు కాబట్టి ఎవరైనా మారుమాట లేకుండా ఇచ్చేసే ప్రమాదం ఉంది.

మా చెల్లెలి కోసం తీసుకున్న ఫోన్ పెట్టెపై అన్ని పన్నులతో కలిపి ఎమ్మార్పీ 29,500 రూపాయలని ముద్రించి ఉంది. అందులో 5,900 తగ్గించి 23,600కే ఇస్తామన్నది దుకాణం ప్రకటన. బిల్లు వేసే ముందు మరో 900 ఇవ్వాలన్నారు. “డిస్కౌంట్ మేమిస్తున్నాం గాని, ట్యాక్స్ మాత్రం ఫుల్ రేటు మీదే కట్టాలండీ” అని కౌంటర్‌లోని అబ్బాయి తడుముకోకుండా చెప్పి, క్యాలిక్యులేటర్‌పై లెక్క కూడా చూపించాడు. ఫోన్ అసలు విలువ 25,000, దానిపై 18 శాతం పన్ను 4,500. తగ్గించిన ధరలో ఉన్న పన్ను 3,600 మాత్రమే కనుక తేడా 900 అట.

కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి గాని చెప్పిన నియమమే అబద్ధం. అందుకు సాక్ష్యం వాళ్లిచ్చిన బిల్లే. అందులో పన్ను విధించే విలువ 20,000, సీజీఎస్టీ (జీఎస్టీలో కేంద్రం వాటా) 9 శాతం కింద 1,800, ఎస్‌జీఎస్టీ (రాష్ట్రం వాటా) 9 శాతం కింద 1,800, మొత్తం 23,600 అని స్పష్టంగా ఉంది. ఆ 900 మాత్రం విడిగా ఒక తెల్ల చీటీ మీద ‘జీఎస్టీ తేడా’ అని పెన్నుతో రాసి, బిల్లుకు పిన్ను కొట్టి ఇచ్చారు. అంటే దుకాణం తన లెక్కల్లో తగ్గించిన ధరపైనే పన్ను చూపిస్తూ, మన దగ్గర మాత్రం పూర్తి ధరపై వసూలు చేస్తోందన్నమాట. ఆ 900ను కూడా బిల్లులో చేర్చి ఇవ్వమంటే సిస్టమ్ తీసుకోదన్నారు. తీసుకోకపోవడమే న్యాయం, ఎందుకంటే అది పన్నే కాదు.

సీజీఎస్టీ చట్టం 15వ సెక్షన్ ప్రకారం, అమ్మే సమయంలో గాని అంతకు ముందు గాని ఇచ్చి, బిల్లులో నమోదు చేసిన తగ్గింపు పన్ను విధించే విలువలోకి రాదు. మొబైల్ ఫోన్లపై జీఎస్టీ 2020 ఏప్రిల్ 1న 12 నుంచి 18 శాతానికి పెరిగింది గాని, ఈ సూత్రం మారలేదు. పన్ను పేరు చెప్పి వసూలు చేసిన ఏ మొత్తాన్నైనా ప్రభుత్వానికి జమ చేయాల్సిందేనని అదే చట్టంలోని 76వ సెక్షన్ చెబుతోంది. చీటీ మీద తీసుకున్న డబ్బు అక్కడికి చేరుతుందని నేను నమ్మలేను.

అయితే అన్ని తగ్గింపులూ ఒకటి కావు, ఈ దుకాణం ఆసరా చేసుకున్నది ఆ గందరగోళాన్నే. పాత ఫోన్ ఇచ్చి కొత్తది తీసుకుంటే, నిజంగానే పన్ను పూర్తి విలువపై పడుతుంది. సీజీఎస్టీ నియమావళిలోని 27వ నియమం ఫోన్‌నే ఉదాహరణగా తీసుకుంది: పాత ఫోన్‌తో పాటు 20,000 ఇచ్చి కొన్న కొత్త ఫోన్ ధర మార్పిడి లేకుండా 24,000 అయితే, విలువ 24,000గానే లెక్కించాలి. కార్డు తగ్గింపును బ్యాంకు భరించే పక్షంలో కూడా అంతే, ఎందుకంటే దుకాణానికి పూర్తి ధర ముడుతుంది, కొంత మన చేతి నుంచి, మిగతాది బ్యాంకు నుంచి. కొన్న తరువాత యూపీఐ యాప్‌లో వచ్చే క్యాష్‌బ్యాక్ వల్ల కూడా బిల్లులోని పన్ను తగ్గదు. కనుక ఇలాంటి బిల్లుల్లో పన్ను పూర్తి ధరపై కనిపిస్తే దుకాణదారుతో గొడవ పడకండి. కానీ ఆ పన్ను ప్రకటించిన ధరలోనే కలిసి ఉండాలి గాని, దాని పేరుతో పైన ఒక్క రూపాయి కూడా అడగడానికి వీల్లేదు.

“మొత్తం కలిపినా ఎమ్మార్పీ దాటలేదు కదా” అన్నది నాకు చివరగా వచ్చిన సమాధానం. ఇదీ చెల్లదు. ఎమ్మార్పీలో పన్నులన్నీ ఉంటాయి కాబట్టి, దానిపై తగ్గింపు ప్రకటించి, తగ్గించిన ధర మీద మళ్లీ పన్ను వేయడం అనుచిత వ్యాపార పద్ధతేనని జాతీయ వినియోగదారుల కమిషన్ 2017 జనవరిలో, జీఎస్టీకి ముందున్న అమ్మకపు పన్ను వ్యాట్ కాలం నాటి ఒక కేసులో తేల్చి చెప్పింది.

డబ్బు ఇవ్వకముందే “చేతికి వచ్చే బిల్లు మొత్తం ఎంత?” అని అడిగి, ధర బోర్డును ఫోటో తీసుకోండి. బిల్లుపై 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉందో లేదో చూడండి. తెలంగాణ దుకాణానిదైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. ఇప్పటికే ఇలా చెల్లించి ఉంటే ఆ చీటీని పారేయకండి. బిల్లు, చీటీ, చెల్లింపు స్క్రీన్‌షాట్ దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయండి. నేను ఫిర్యాదు చేశాను, దుకాణం నుంచి జవాబు ఇంకా రాలేదు.