నాలుగో సిలిండర్‌ దాకా నీళ్ళు: ఎంఎక్స్-5 ఇంజిన్‌కి కూలెంట్ రీరూట్ కిట్, రెండు ట్రాక్ డేల తర్వాత

ఇంజిన్‌ని చల్లబరిచే నీళ్ళ (కూలెంట్) దారి మార్చే ఈ కిట్ కొనాలా వద్దా అని అడిగేవాళ్ళకి ముందే చెప్పేస్తాను: కొనండి. కానీ కొనేముందు ఇంజిన్ హెడ్డు (సిలిండర్ల పైన కూర్చునే భాగం) ముందు వైపు ఎంత వేడి ఉందో, వెనక వైపు ఎంత వేడి ఉందో కొలవండి. రెండిటికీ పెద్ద తేడా లేకపోతే మీ కారు జబ్బు వేరు, ఈ మందు దానికి పనిచేయదు.

నేను కొన్నది ఎవరి కిట్టో రాయడం లేదు. యూకేలోనూ అమెరికాలోనూ ఇలాంటివి చేసేవాళ్ళు చాలామంది ఉన్నారు, పని తీరు దాదాపు అందరిదీ ఒకటే. నాది 215 పౌండ్లు పడింది. పెట్టెలో వచ్చినవి: హెడ్డు వెనక బిగించే అల్యూమినియం థర్మోస్టాట్ హౌసింగ్, కొత్త థర్మోస్టాట్ (నీళ్ళు వేడెక్కాకే రేడియేటర్‌కి దారి తెరిచే కవాటం), ముందు వైపు రంధ్రం మూసే ప్లేటు, ఒక పొడుగాటి సిలికాన్ పైపు, రెండు ప్యాకింగులు, క్లిప్పులు, బోల్టులు, ఒక కాగితం. ఆ కాగితం గురించి తర్వాత చెబుతాను.

ముందు కారు సంగతి. నేను ఉండేది మిల్టన్ కీన్స్‌లో. ఒక్క కారు పట్టే గరాజ్‌లో, మూడేళ్ళ శని, ఆదివారాలు పెట్టి కట్టుకున్న కారు ఇది. పైపుల ఫ్రేమ్ కిట్‌గా కొన్నాను, మిగతావన్నీ తుప్పు పట్టిన 1996 మాజ్డా ఎంఎక్స్-5 నుంచి వచ్చాయి: 1.8 ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియల్, సస్పెన్షన్, బ్రేకులు, వైరింగ్. భాగాలిచ్చిన ఆ పాత బండి బరువు వెయ్యి కిలోలకి అటూ ఇటూగా ఉండేది, నాది తూకం మీద 712 కిలోలు తూగింది. ఐవీఏకి, అంటే ఇలా కట్టిన కారుని రోడ్డెక్కనిచ్చే ముందు యూకేలో చేసే పరీక్షకి, వెళ్ళినప్పుడు చేతికి తగిలే అంచులన్నీ గుండ్రంగా ఉన్నాయా లేదా అని ఇన్‌స్పెక్టర్ గేజ్ పెట్టి చూశాడు. రెండోసారికి పాసైంది. నంబర్ ప్లేటు బిగించిన రోజు తెనాలిలో ఉన్న మామయ్యకి వీడియో కాల్ చేసి, బండి చుట్టూ రెండుసార్లు తిప్పి చూపించాను. ఆయన నలభై ఏళ్ళుగా ట్రాక్టర్ ఇంజిన్లు విప్పి బిగిస్తున్న మనిషి. నాకు పానా పట్టుకోవడం నేర్పింది ఆయనే.

కట్టేటప్పుడు నేను చేసిన ఒక పని ఈ కథకంతటికీ మూలం. హీటర్ తీసేశాను. తలుపులు, పైకప్పు లేని కారుకి హీటర్ ఎందుకనుకున్నాను. ఇంజిన్ వెనక నుంచి హీటర్‌కి వెళ్ళే పైపుకీ, తిరిగొచ్చే పైపుకీ రబ్బరు మూతలు పెట్టి క్లిప్పులు బిగించాను. రోడ్డు మీద ఆరు నెలలు తిరిగినా ఏ ఇబ్బందీ రాలేదు.

మొదటి ట్రాక్ డే (సొంత కారుని రేస్ సర్క్యూట్ మీద నడిపే రోజు) బెడ్‌ఫర్డ్ ఆటోడ్రోమ్‌లో. పాత థర్లీ ఎయిర్‌ఫీల్డ్ మీద కట్టిన సర్క్యూట్ అది. పక్కకి జారిపోయినా గోడలకి గుద్దుకోకుండా బోలెడంత ఖాళీ ఉంటుంది, అందుకే ఇంట్లో కట్టిన కారుకి మొదటి పరీక్ష అక్కడ పెట్టుకున్నాను. ఎండ కూడా లేదు, 19 డిగ్రీలు. ఆరో ల్యాప్‌లో తియ్యటి వాసన వచ్చింది. కూలెంట్ వాసన అది, ఒకసారి తెలిసినవాళ్ళు మర్చిపోరు. తర్వాతి మలుపు దాటేసరికి హెల్మెట్ అద్దం మీద సన్నటి తుంపర. ఇంజిన్ వేడి చూపించే మీటరు ముల్లు మాత్రం కచ్చితంగా మధ్యలో ఉంది. నింపాదిగా పిట్ లేన్‌లోకి తెచ్చి ఆపితే, ఓవర్‌ఫ్లో సీసా నిండి పొంగుతోంది, రేడియేటర్ మూత దగ్గర బుస్సుమని శబ్దం. నిజంగా భయం వేసింది. ట్రాక్ మీద కూలెంట్ కారితే వెనక వచ్చేవాళ్ళు జారిపోతారు. అదృష్టం బాగుండి నాది దాదాపు అంతా సీసాలోనే ఆగింది.

తర్వాత రెండు నెలలు ఆ జబ్బు వెతకడంతోనే సరిపోయింది. ఖర్చు తక్కువ ఉన్న అనుమానం నుంచి మొదలుపెట్టాను. రేడియేటర్ మూత మార్చాను. మామూలు గాలి ఒత్తిడిలో నీళ్ళు 100 డిగ్రీలకి మరుగుతాయి, 0.9 బార్ మూత సరిగ్గా పట్టి ఉంచితే దాదాపు 118 దాకా మరగవు. మూత స్ప్రింగు బలహీనపడితే ఆ లాభమంతా పోతుంది. మూత మార్చినా పొంగడం ఆగలేదు.

తర్వాతి అనుమానం ఎయిర్ లాక్. కిట్ కార్లలో ఇది మామూలే. ముక్కు కిందికి ఉంటుంది కాబట్టి రేడియేటర్ కూడా కిందే కూర్చుంటుంది, ఇంజిన్ దానికన్నా ఎత్తులో ఉంటుంది, గాలి పైన చిక్కుకుపోతుంది. ముందు చక్రాలు ర్యాంపుల మీదికి ఎక్కించి, నీళ్ళు పోసే మూతే అన్నిటికన్నా ఎత్తులో ఉండేలా చేసి, బుడగలు ఆగేదాకా గంటసేపు ఇంజిన్ నడిపాను. ఆ పనికి ఫలితం కొంచెం కనిపించింది, ఆరో ల్యాప్ కాస్తా ఎనిమిదో ల్యాప్ అయింది. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులన్నీ అల్యూమినియం రేకుతో, ఫోమ్‌తో మూశాను. గాలికి సులువైన దారి దొరికితే అది రేడియేటర్‌లోంచి వెళ్ళదు, పక్కనుంచి తప్పించుకుపోతుంది. ఈ పని ఎవరి కారుకైనా చేయాల్సిందే.

ఇక మిగిలింది హెడ్ గ్యాస్కెట్, అంటే హెడ్డుకీ ఇంజిన్ బ్లాకుకీ మధ్య ఉండే ప్యాకింగ్. బ్లాక్ టెస్టర్ తెచ్చి రేడియేటర్ మూత దగ్గర పెట్టాను. సిలిండర్లలో మండిన వాయువు నీళ్ళలో కలుస్తుంటే అందులోని నీలం ద్రవం పసుపు రంగుకి తిరుగుతుంది. మూడుసార్లు చూశాను, నీలంగానే ఉంది. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ విప్పి వరసగా పెట్టాను. మొదటి మూడూ ఒకే రంగులో ఉన్నాయి. నాలుగోది మాత్రం తెల్లగా, పింగాణీ మీద చిన్న చిన్న చుక్కలతో, ఎక్కువ వేడి తిన్నట్టు ఉంది.

ఫోటో మామయ్యకి పంపించాను. ఆయన వెంటనే ఫోన్ చేశాడు. "ముల్లుని నమ్మమాకురా. ఇంజిన్ వేడెక్కాక ముందు పైపు పట్టుకో, వెనక పైపు పట్టుకో. ఎక్కడ కాలుద్దో అక్కడుంది నీ జబ్బు."

చేత్తో పట్టుకునే వేడి కాదది, అందుకని ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ కొన్నాను. ఒక్క జాగ్రత్త: మెరిసే అల్యూమినియం మీద అది తప్పు చూపిస్తుంది, ఉన్నదానికన్నా బాగా తక్కువ. హెడ్డు మీద నల్లటి టేపు ముక్కలు అంటించి వాటి మీద కొలవాలి. మళ్ళీ బెడ్‌ఫర్డ్ వెళ్ళి, అయిదు ల్యాపులు తిరిగి, పిట్‌లో ఆపీ ఆపగానే కొలిచాను. ముందు వైపు 91. వెనక, నాలుగో సిలిండర్ దగ్గర, 117. ఒకే ఇంజిన్, 26 డిగ్రీల తేడా. మీటరు ముల్లు అప్పుడూ మధ్యలోనే ఉంది. ఇంటికొచ్చాక సెన్సర్‌ని వేడినీళ్ళ గిన్నెలో ముంచి చూశాను. ముల్లు ఒకసారి మధ్యకి చేరాక ఇరవై డిగ్రీలకి పైగా కదలకుండా అక్కడే నిలబడింది. రోజువారీ డ్రైవర్‌ని కంగారు పెట్టకుండా అలా చేసిన మీటరు అది, ట్రాక్ మీద దాన్ని నమ్ముకోవడానికి లేదు.

తేడా ఎందుకొచ్చిందో ఇంజిన్ పుట్టుక తెలిస్తే అర్థమవుతుంది. ఈ ఇంజిన్ కుటుంబం మాజ్డా 323 లాంటి, ముందు చక్రాలతో నడిచే కార్లది. అందులో ఇంజిన్ అడ్డంగా కూర్చుంటుంది. పంపు ఒక చివర నీళ్ళు తోస్తే, అవి నాలుగు సిలిండర్ల పక్కనుంచీ వెళ్ళి రెండో చివర బయటికి వస్తాయి. 1989లో వచ్చిన ఎంఎక్స్-5 కోసం దాన్ని నిలువుగా తిప్పేసరికి ఆ రెండో చివర క్యాబిన్ గోడ దగ్గరికి వచ్చింది, అక్కడ పెద్ద పైపుకి చోటు లేదు. అందుకని నీళ్ళు బయటికి వెళ్ళే దారిని ముందుకి మార్చారు. అంటే నీళ్ళు ముందు నుంచే లోపలికి వెళ్ళి, ముందు నుంచే బయటికి వస్తాయి. వెనకున్న నాలుగో సిలిండర్‌కి చేరేది తక్కువ. రోడ్డు మీద అది సరిపోతుంది, ఎందుకంటే హీటర్ పైపు వెనక నుంచే బయల్దేరుతుంది, ఆ కాస్త ప్రవాహం వెనక వేడిని లాగుతూ ఉంటుంది. ఆ పైపుకే నేను రబ్బరు మూత పెట్టాను.

ఈ కిట్ చేసే పనల్లా ఆ పాత దారిని తిరిగి తెరవడం. థర్మోస్టాట్ వెనక్కి వెళ్తుంది, ముందు రంధ్రం మూసుకుంటుంది, వెనక నుంచి పొడుగు పైపు రేడియేటర్‌కి వెళ్తుంది. నీళ్ళు మళ్ళీ నాలుగు సిలిండర్లనీ దాటి బయటికి వస్తాయి.

హౌసింగ్ పనితనం చాలా బాగుంది. ప్యాకింగ్ కూర్చునే ముఖం మీద స్కేలు పెట్టి చూశాను, ఎక్కడా వెలుతురు కనబడలేదు. సెన్సర్లకి మరలు సరిగ్గా కోశారు. పైపు మందంగా, మెలిక దగ్గర నలగకుండా ఉంది. బోల్టుల్లో మాత్రం రెండు పొట్టివి. ప్యాకింగ్ పెట్టాక అవి నాలుగు చుట్లే పట్టాయి. అల్యూమినియం హెడ్డులో నాలుగు చుట్ల మీద బిగిస్తే మరలు ఊడొస్తాయి. అయిదు మిల్లీమీటర్లు పొడుగున్నవి కొనుక్కుని వేశాను. మీరూ బిగించే ముందు చేత్తో తిప్పి చుట్లు లెక్కపెట్టుకోండి.

బిగించడానికి నాకు ఒకటిన్నర రోజు పట్టింది. ప్లగ్గులకి కరెంటు ఇచ్చే కాయిల్ ప్యాక్ హెడ్డు వెనకే ఉంటుంది, దాన్ని పక్కకి జరిపి కొత్త బ్రాకెట్ చేసుకోవాల్సి వచ్చింది. క్యామ్ యాంగిల్ సెన్సర్ కూడా అక్కడే. దాని ఓ-రింగ్ గట్టిపడి ఆయిల్ కారడం ఈ ఇంజిన్లలో అందరూ చూసేదే, చెయ్యి పెట్టారు కాబట్టి దాన్నీ మార్చేయండి. ఇంజిన్ బయట ఉన్నప్పుడే చేస్తే ఇదంతా రెండు గంటల పని. ఇంకా కట్టే దశలో ఉన్నవాళ్ళు ఇప్పుడే బిగించుకోండి.

ఇప్పుడు ఆ కాగితం. నాకు నిజంగా కోపం తెప్పించింది అదే. హీటర్ లేని కారులో ఈ కిట్ వేస్తే ఇంకో సమస్య పుడుతుంది. ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపు థర్మోస్టాట్ మూసే ఉంటుంది. అప్పుడు నీళ్ళు తిరగడానికి వేరే దారి ఉండాలి, రోడ్డు కారులో ఆ దారి హీటర్. అది లేకపోతే నీళ్ళు కదలకుండా నిలబడిపోతాయి, థర్మోస్టాట్‌కి వేడి ఆలస్యంగా తెలుస్తుంది, ఆ తర్వాత ఒక్కసారిగా తెరుచుకుంటుంది. మొదటిసారి స్టార్ట్ చేసినప్పుడు కొత్తగా పెట్టిన డిజిటల్ మీటరు 104 దాకా ఎగబాకి, ఉన్నట్టుండి 71కి పడిపోయి, మళ్ళీ ఎక్కింది. అలా నాలుగుసార్లు ఊగింది. కాగితంలో దీని గురించి ఉన్నది ఒకే ఒక్క వాక్యం, "బైపాస్ ఉండేలా చూసుకోండి" అని. ఎలా, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏమీ లేదు. ఈ కిట్ కొనేవాళ్ళలో హీటర్ తీసేసినవాళ్ళు చాలామందే ఉంటారు. ముందు చెప్పాల్సిన మాట అది.

నేను చేసింది ఇది: హెడ్డు వెనక ఉన్న హీటర్ దారికి పెట్టిన మూత తీసి, అక్కడి నుంచి చిన్న పైపు ఒకటి పంపు లోపలికి పీల్చుకునే వైపున్న పాత హీటర్ రిటర్న్‌కి కలిపాను. పదిహేను పౌండ్ల పైపు, అరగంట పని. ఊగడం ఆగిపోయింది. పైపు మరీ లావుగా పెడితే రేడియేటర్‌కి వెళ్ళాల్సిన నీళ్ళు దీంట్లోంచే తిరిగిపోతాయి, అందుకని మధ్యలో సన్నటి రంధ్రం ఉన్న ఇత్తడి ముక్క ఒకటి ఇరికించాను.

మొన్నటికి రెండు ట్రాక్ డేలు అయ్యాయి, ఒకటి బెడ్‌ఫర్డ్‌లోనే, 21 డిగ్రీల రోజున. పదిహేను ల్యాపులు ఆపకుండా తిరిగి పిట్‌లోకి వచ్చాక కొలిస్తే ముందు 90, వెనక 96. ట్రాక్ మీద డిజిటల్ మీటరు 98 దాటలేదు. ఓవర్‌ఫ్లో సీసాలో నేను గీసిన గీత దగ్గరే కూలెంట్ ఉంది. ప్లగ్గులు విప్పి మళ్ళీ వరసగా పెట్టి ఫోటో తీశాను. ఈసారి నాలుగోది ఏదో గుర్తుపట్టడానికి మామయ్యకి నంబర్ రాసి పంపాల్సి వచ్చింది.

రోడ్డు మీద మాత్రమే నడిపేవాళ్ళకి, హీటర్ ఉన్న కారుకి ఇది అక్కర్లేదు. ఆ డబ్బుతో మంచి రేడియేటర్ మూత, నిజం చెప్పే మీటరు కొనుక్కోవచ్చు. టర్బో పెట్టినవాళ్ళు, ట్రాక్‌కి వెళ్ళేవాళ్ళు, నాలాగా హీటర్ తీసేసినవాళ్ళు తప్పకుండా వేయించండి. నా కారులో పొడుగు పైపు ఒకచోట ఫ్రేమ్‌కి రాసుకుంటోంది. ప్రస్తుతానికి పాత పైపు ముక్క చీల్చి దాని చుట్టూ చుట్టాను. చలికాలంలో ఇంజిన్ దించినప్పుడు అక్కడ ఒక సరైన బ్రాకెట్ వెల్డింగ్ చేయించాలి.