రెండు సీసాల బాండింగ్: ఏళ్ల తరబడి వాడిన తర్వాత

పంటికి ఫిల్లింగును అతికించే జిగురే బాండింగ్. ముందు పూసే ప్రైమర్, దానిపై వేసే బాండ్ అనే రెజిన్ వేరువేరు సీసాలలో వచ్చే, ఎండీపీ అనే ఆమ్ల అణువు ఉన్న సెల్ఫ్ ఎచ్ (పంటిని తానే ఎచ్ చేసే) బాండింగ్‌ను కంపోజిట్ (పంటి రంగు రెజిన్) ఫిల్లింగులకు చాలా ఏళ్లుగా వాడుతున్నాను. వేసిన రోజున ఏ బాండింగ్ అయినా గట్టిగానే పట్టుకుంటుంది కాబట్టి, కాలం గడిచాక ఫిల్లింగ్ అంచు ఎలా ఉందన్నదే నేను చూసేది. ఆ లెక్కన అంతకుముందు వాడిన ఒకే సీసా రకాల కంటే ఇది స్పష్టంగా మేలు.

ఫాస్ఫారిక్ ఆమ్లంతో డెంటిన్‌ను (ఎనామిల్ అనే గట్టి పైపొర కింద ఉండే పంటి భాగం) ఎచ్ చేసినప్పుడు, అంటే ఆమ్లంతో కొద్దిగా కరిగించినప్పుడు, అందులోని కొలాజెన్ అనే ప్రోటీన్ పోగులు ఖనిజం కోల్పోయి బయటపడతాయి. రెజిన్ వాటి అడుగు దాకా చేరని చోట, డెంటిన్‌లోనే ఉండే, కొలాజెన్‌ను విడగొట్టే ఎంఎంపీ ఎంజైములు నీటి సాయంతో ఆ పోగులను క్రమంగా విరగ్గొడతాయి. 1982లో నాకాబయాషి బృందం వర్ణించిన హైబ్రిడ్ పొర (రెజిన్, కొలాజెన్ కలిసిన పొర) బలహీనపడటానికి ఇదొక ప్రధాన కారణం. ఈ ప్రైమర్ పీహెచ్ సుమారు 2, అంటే ఫాస్ఫారిక్ జెల్ కంటే మృదువైన ఆమ్లం కావడం వల్ల పోగుల చుట్టూ కొంత ఖనిజం మిగులుతుంది, ఎండీపీ అందులోని కాల్షియంతో కలిసి నీటిలో సులువుగా కరగని లవణమవుతుంది.

డెంటిన్‌కు మేలు చేసిన ఆ మృదుత్వమే ఎనామిల్ దగ్గర చాలదు. ఫిల్లింగ్ అంచు వెంట మరక పట్టిన గోధుమరంగు గీతలు నాకు కనిపించినవి ఎక్కువగా ఎనామిల్ అంచుల్లోనే. అందుకే 37 శాతం ఫాస్ఫారిక్ జెల్‌ను ఎనామిల్ అంచుకే పరిమితం చేసి, 15 సెకన్లు ఉంచి కడిగిన తర్వాతే ప్రైమర్ పూస్తాను. ఈ ఒక్క అదనపు మెట్టు తెచ్చిన తేడా మరేదీ తేలేదు.

ప్రైమర్‌ను 20 సెకన్లు ఉంచి, ద్రవం కదలడం ఆగేవరకు గాలితో ఆరబెట్టాలి. లోపల మిగిలిన నీరే తర్వాత రెజిన్‌ను దెబ్బతీస్తుంది. ఆపైన వేసే బాండ్ నీటిని అంతగా పీల్చుకోని పొర కనుక మూతలా పనిచేస్తుంది, కానీ మూలల్లో మడుగు కట్టనివ్వకూడదు. ఎక్స్‌రే కిరణాలను ఆపని బాండ్ మందంగా నిలిస్తే ఫిల్లింగ్ కింద నల్లటి నీడలా కనిపిస్తుంది. దాన్ని కొత్త పుప్పిగా భావించి, నిక్షేపంగా ఉన్న ఫిల్లింగును తవ్వేసే ప్రమాదం నిజంగానే ఉంది.

ఎచ్ చేసి కడిగే పద్ధతిలో 2 శాతం క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిమినాశిని కూడా వాడి చూశాను. అది ఎంఎంపీలను అణచివేస్తుందన్నది నిజమే అయినా, కాలక్రమంలో కరిగి బయటికి పోయే పదార్థం; నా రోగులలో చెప్పుకోదగ్గ తేడా కనిపించక మానేశాను.

చిగుళ్ల కిందికి దిగి, ఎనామిల్ లేకుండా వేరు ఉపరితలం మీద ముగిసే అంచుల్లో మాత్రం ఈ బాండింగ్‌నూ నేను నమ్మను. రబ్బర్ డ్యామ్‌తో (పంటి చుట్టూ బిగించే రబ్బరు పొర) తడిని ఆపగలిగితే వేస్తాను, లేకుంటే ఆ అడుగు భాగానికి రెజిన్ కలిసిన గ్లాస్ అయానొమర్ అనే సిమెంట్ వేసి, పైన కంపోజిట్ నింపుతాను.